మతిమరుపు ఉన్న పెద్దవాళ్ల మందుల కవరు ఒక్కసారి విప్పి చూడండి

సంపాదకులకు నమస్కారం.

ప్రపంచ అల్జీమర్స్ దినం సందర్భంగా సెప్టెంబర్ 21న మీ పత్రికలో మతిమరుపు జబ్బు మీద వచ్చిన పేజీ మొత్తం చదివాను. రోజూ నడవాలి, నలుగురితో మాట్లాడుతూ ఉండాలి, బీపీ, షుగరు అదుపులో పెట్టుకోవాలి అని రాశారు. అన్నీ మంచి మాటలే. కానీ పెద్దవాళ్లు రోజూ మింగే మాత్రల గురించి అందులో ఒక్క వాక్యం లేదు. పొద్దస్తమానం మందుల షాపులో నిలబడే నాకు ఆ లోటు బాగా తెలిసింది. జ్ఞాపకానికి అవసరమైన మెదడు రిసెప్టార్లను, అంటే నరాల రసాయనం వచ్చి తగులుకునే చోట్లను, మూసేసే మందులు మన ఇళ్లలో చాలా మామూలుగా వాడుతున్నారు. జలుబుకు ఒకటి, దురదకు ఒకటి, కడుపునొప్పికి ఒకటి, మూత్రం ఆగకపోతే ఇంకొకటి. మతిమరుపు మొదలైన మనిషి ఒంట్లో ఇవి పడితే ఏం జరుగుతుందో మీ పాఠకులకు తెలియాలని ఈ ఉత్తరం రాస్తున్నాను. కొంచెం పొడుగైంది. వీలైతే కత్తిరించకుండా వేయండి.

నేను చిత్తూరు గ్రీమ్స్‌పేటలో ఫార్మసిస్టుగా పనిచేస్తున్నాను. మా వైపు జనానికి ఒక పద్ధతి ఉంది. నరాల జబ్బంటే వేలూరు పోతారు. గుండె అంటే తిరుపతి. ఎముక విరిగితే పుత్తూరు కట్టు. మూత్రం బాధకు చిత్తూరులోనే ఎవరో ఒక డాక్టరు. జలుబుకు, జ్వరానికి, ఒళ్లునొప్పులకు ఊళ్లో ఉండే ఆర్‌ఎంపీ. ఎక్కడికక్కడ వేరే ఫైలు, వేరే చీటీ. వేలూరు డాక్టరు రాసింది చిత్తూరు డాక్టరు చూడడు. ఈయన రాసింది ఆయనకు తెలియదు. ఎవరి పని వాళ్లు సరిగ్గానే చేస్తారు. ఆ మందులన్నీ కలిసేది మాత్రం ఇంట్లో కొక్కేనికి వేలాడే ప్లాస్టిక్ కవర్లో. ఆ తర్వాత ముసలివాళ్ల కడుపులో.

మా పెద్దమ్మది పెనుమూరు దగ్గర పల్లె. డెబ్బై దాటినా పాడి ఆవులను తనే చూసుకునేది, పాలకేంద్రానికి పోసిన పాలలెక్క నోటితోనే చెప్పేది. ఆ లెక్క తప్పడం మొదలైనప్పుడే మా వదిన కనిపెట్టింది. అన్నం తిని, తినలేదనేది. తెలిసిన మనుషుల పేర్లు మరిచేది. మా అన్న వేలూరు తీసుకుపోతే పరీక్షలు చేసి అల్జీమర్స్ అని చెప్పి, డొనెపెజిల్ అనే మాత్ర మొదలుపెట్టారు. ముందు 5 మిల్లీగ్రాములు, తర్వాత 10. పెద్ద మార్పు రాలేదు గానీ కాస్త నిలకడ వచ్చింది. పొద్దున పూట మాట తీరు బాగుండేది.

10కి పెంచిన తర్వాత మూత్రం ఆపుకోలేకపోవడం మొదలైంది. చీర తడుస్తుంటే ఆమెకు సిగ్గు, వదినకు చాకిరీ. ఇంటికి దగ్గర్లో ఉన్న ఒక క్లినిక్‌లో చూపిస్తే ఆక్సీబ్యుటినిన్ రాశారు. ఆ చలికాలంలోనే ముక్కు కారుతోందని ఊళ్లో జలుబు మాత్రలిచ్చారు, ఒళ్లు దురదగా ఉందంటే హైడ్రాక్సిజిన్ ఇచ్చారు. వేలూరులో ఏ మందు వాడుతున్నారని ఎవరూ అడగలేదు. అడగాలని మా అన్నకూ వదినకూ తెలియదు. చీటీ చూసి మందు కొనుక్కురావడమే కదా అందరూ చేసేది.

వారం తిరిగేలోపు పెద్దమ్మ మనిషి మారిపోయింది. రాత్రి రెండు గంటలకు లేచి పాలు పిండాలని కొట్టం వైపు పోయేది. లేని మనుషులతో మాట్లాడేది. నేను చూడడానికి పోయిన సాయంత్రం మంచం మీద కూర్చుని దుప్పటి మీద వేళ్లతో ఏదో గిల్లుతూ, గిల్లింది పక్కన పెడుతూ ఉంది. "ఏం చేస్తా ఉండావు పెద్దమ్మా?" అంటే, "చెనిక్కాయలు వలస్తా ఉండా, పొద్దు పోతా ఉంది, నువ్వూ కూచో" అంది. ఒడిలో చెనిక్కాయలూ లేవు, ఏమీ లేవు. నాలుక ఎండి అంగిలికి అతుక్కుంటోంది. సంగటి ముద్ద మింగుడు పడడం లేదు. ముఖం ఎర్రగా కాగినట్టుంది, కనుపాపలు పెద్దవయ్యాయి. ముందు ఆగని మూత్రం ఇప్పుడు రావడం లేదని వదిన చెప్పింది. విరేచనం అయి నాలుగు రోజులు. ఇరుగుపొరుగు గాలి సోకిందన్నారు. అంతకు ముందు రోజు ఒక ఆసుపత్రికి తీసుకుపోతే "మతిమరుపు ముదిరింది, ఇంక ఇంతే" అని చెప్పి నిద్రకు ఇంకో మాత్ర కలిపి పంపించారు.

ఎండిన నోరు, ఎర్రబడ్డ ముఖం, పెద్దవైన కనుపాపలు, ఆగిన మూత్రం, గాలిలో గిల్లే వేళ్లు. ఇవన్నీ ఒకేసారి ఒక మనిషిలో కనబడితే అది అల్జీమర్స్ ముదరడం కాదని ఫార్మసీ చదివిన ఎవరికైనా అనుమానం రావాలి. అల్జీమర్స్ నెలల మీద, ఏళ్ల మీద ముదురుతుంది. వారంలో మనిషిని ఇలా తిప్పేయదు. ఉమ్మెత్త కాయ తిన్న పిల్లల్లో కనిపించేవి సరిగ్గా ఇవే లక్షణాలు. ఉమ్మెత్తలో ఉండే అట్రోపిన్, స్కోపోలమిన్ చేసే పనే ఈ మాత్రలూ చేస్తాయి, మోతాదులో తేడా. కవరు విప్పి మంచం మీద పరిచి, ప్రతి షీటు వెనక మందు పేరు చదివి ఒక కాగితం మీద రాశాను. ఆ కాగితం పట్టుకుని మరుసటి రోజే అన్న ఆమెను వేలూరు తీసుకుపోయాడు. అక్కడి డాక్టరు ఆ జాబితా చూసిన వెంటనే మూత్రం మాత్ర, దురద మాత్ర, జలుబు మాత్ర మూడూ ఆపించారు. డొనెపెజిల్‌ను తిరిగి 5కి తగ్గించారు. కొన్నాళ్లలో రాత్రి లేవడం తగ్గింది, నోరు తడిసింది, వదినను పేరు పెట్టి పిలిచింది. అల్జీమర్స్ పోలేదు, పోదు. కానీ ఆ వారం మా నుంచి తీసుకుపోయిన మనిషి తిరిగి వచ్చింది.

ఇది ఎందుకు జరిగిందో తెలియాలంటే అసిటైల్‌కోలిన్ గురించి కొంచెం చెప్పాలి. నరాల కణాలు ఒకదానితో ఒకటి రసాయనాల ద్వారా మాట్లాడుకుంటాయి. ఆ రసాయనాల్లో మనుషులకు మొట్టమొదట తెలిసింది ఇదే. 1921లో ఆస్ట్రియాలో ఆటో లోవీ అనే శాస్త్రవేత్త రెండు కప్ప గుండెలు తీసి ద్రవంలో కొట్టుకునేలా ఉంచాడు. మొదటి గుండెకు ఉన్న వేగస్ నరాన్ని ప్రేరేపిస్తే అది నెమ్మదించింది. ఆ ద్రవాన్ని తీసి రెండో గుండెకు పోస్తే, నరం ముట్టుకోకుండానే అదీ నెమ్మదించింది. నరం నుంచి ఏదో రసాయనం ద్రవంలోకి దిగిందని అలా తేలింది. అది అసిటైల్‌కోలిన్. దాని పని తీరు మీద అంతకు ముందు నుంచే పరిశోధిస్తున్న హెన్రీ డేల్‌తో కలిపి లోవీకి 1936లో నోబెల్ బహుమతి ఇచ్చారు.

ఈ రసాయనం వచ్చి తగులుకునే ప్రోటీన్లే రిసెప్టార్లు. మన పుస్తకాల్లో గ్రాహకాలు అని రాస్తారు. ఇవి రెండు రకాలని డేల్ 1914లోనే గుర్తించాడు. ఒక విషపు పుట్టగొడుగులోని మస్కరిన్‌కు స్పందించేవి మస్కరినిక్, పొగాకులోని నికోటిన్‌కు స్పందించేవి నికోటినిక్. మస్కరినిక్‌లో మళ్లీ ఎం1 నుంచి ఎం5 వరకు ఐదు ఉన్నాయి. నా ఉత్తరానికి వీటిలో రెండు ముఖ్యం. ఎం1 మెదడు పైపొరలోనూ, కొత్త జ్ఞాపకాలు కుదురుకునే హిప్పోక్యాంపస్‌లోనూ ఎక్కువగా ఉంటుంది. ఎం3 మూత్రాశయం, పేగులు, లాలాజల గ్రంథుల్లో పనిచేస్తుంది. మూత్రాశయం ముడుచుకోవాలన్నా, నోట్లో నీరు ఊరాలన్నా దాని చలవే.

జ్ఞాపకంతో దీనికి సంబంధం ఉందని గట్టిగా అనుమానం వచ్చింది 1970ల్లో. 1974లో అమెరికాలో ఆరోగ్యంగా ఉన్న యువకులకు స్కోపోలమిన్ ఇచ్చి జ్ఞాపకశక్తి పరీక్షలు పెట్టారు. మస్కరినిక్ రిసెప్టార్లు మూసుకుపోవడంతో వాళ్ల ఫలితాలు ముసలివాళ్ల ఫలితాల్లా వచ్చాయి. 1976లో బ్రిటన్ శాస్త్రవేత్తలు, అల్జీమర్స్‌తో చనిపోయినవాళ్ల మెదడులో అసిటైల్‌కోలిన్‌ను తయారుచేసే ఎంజైమ్ బాగా తగ్గిపోయిందని చూపించారు. మెదడు పైపొరకు అసిటైల్‌కోలిన్‌ను సరఫరా చేసే కణాలు మెదడు అడుగున, ముందు వైపు ఒక చిన్న గుంపుగా ఉంటాయి. దాన్ని మైనర్ట్ అనే శాస్త్రవేత్త పేరుతో పిలుస్తారు. అల్జీమర్స్‌లో ఆ కణాలు చచ్చిపోతూ వస్తాయి. లూయీ బాడీ డిమెన్షియా అని ఇంకో మతిమరుపు జబ్బు ఉంది. లేని మనుషులు కనిపించడం, పార్కిన్సన్స్ అనే వణుకు జబ్బులో వచ్చేలాంటి బిగువు దాని గుర్తులు. అందులో ఈ రసాయనం కొరత అల్జీమర్స్‌లో కంటే కూడా ఎక్కువ.

అక్కడి నుంచే మందులు వచ్చాయి. కొత్తగా అసిటైల్‌కోలిన్‌ను పోయలేరు కాబట్టి, ఉన్నదాన్ని విరగ్గొట్టే ఎంజైమ్‌ను ఆపే మందులు తయారుచేశారు. 1993లో అమెరికాలో మొదట అనుమతి పొందిన టాక్రిన్ లివర్‌ను దెబ్బతీయడంతో తర్వాత మూలపడింది. 1996లో డొనెపెజిల్ వచ్చింది. ఆ తర్వాత రివాస్టిగ్మిన్, గాలంటమిన్. ఇవి జబ్బును ఆపవు, చచ్చిన కణాలను బతికించవు. కొందరిలో కొంతకాలం మాట, గుర్తు, పని చేసుకునే శక్తి నిలబడేలా చూస్తాయి. వేలకు వేలు ఖర్చు పెట్టుకుని "ఏం గుణం కనిపించలేదు" అని కోపంగా షాపుకొచ్చే కొడుకులకు నేను ఇదే చెబుతాను. నిలబెట్టడం కూడా గుణమే. ఇంట్లో చూసుకునేవాళ్లకు దాని విలువ తెలుస్తుంది.

ఇప్పుడు మా పెద్దమ్మ సంగతికి వస్తాను. డొనెపెజిల్ మెదడులోనే కాదు, ఒళ్లంతా అసిటైల్‌కోలిన్‌ను పెంచుతుంది. మూత్రాశయంలోని ఎం3 మీద పని పెరిగి మూత్రం ఆగకపోవచ్చు. అది మందు వల్ల వచ్చిన ఇబ్బంది. దాన్ని కొత్త జబ్బు అనుకుని ఆక్సీబ్యుటినిన్ ఇస్తే, అది సులభంగా మెదడులోకి కూడా పోయి ఎం1ని మూసేస్తుంది. కాలువలో నీళ్లు ఇంకిపోకుండా సిమెంటు పూసి, చేను దగ్గర మడవ మూసేసినట్టు. రెండు మందులకూ డబ్బు కట్టేది ఒకే ఇల్లు. మా పెద్దమ్మ ఒక్కదానికే ఇలా జరిగిందని ఎవరూ అనుకోకూడదు. 2005లో కెనడాలోని ఒంటారియో రాష్ట్రంలో మతిమరుపు ఉన్న వేలమంది పెద్దవాళ్ల మందుల రికార్డులు పరిశీలించారు. డొనెపెజిల్ లాంటి మందులు మొదలుపెట్టినవాళ్లకు ఆ తర్వాత మూత్రాన్ని ఆపే మందు కూడా రాసే అవకాశం, వాడనివాళ్లతో పోలిస్తే పెరిగిందని తేలింది. ఒక మందు వల్ల వచ్చిన బాధకు ఇంకో మందు, దానివల్ల వచ్చిన బాధకు మూడోది. ఆసుపత్రిలో నిద్రకు కలిపిన మాత్ర మా ఇంట్లో అలా వచ్చిందే.

షాపు కౌంటరు దగ్గర నేను రోజూ చూసేవి చెబుతాను. జలుబు మాత్రల్లో ఎక్కువ వాటిలో క్లోర్‌ఫెనిరమిన్ ఉంటుంది. "తుమ్ములకు ఒక మాత్ర ఇవ్వమ్మా" అని చీటీ లేకుండానే అడుగుతారు. దగ్గు సిరప్‌లు కొన్నింటిలో డైఫెన్‌హైడ్రమిన్ ఉంటుంది. దురదకు హైడ్రాక్సిజిన్, బస్సు ప్రయాణంలో వాంతులకు ప్రొమెథజిన్, కడుపు మెలిపెడితే డైసైక్లోమిన్. కాళ్ల మంటలకు, నిద్రకు అమిట్రిప్టిలిన్. చేతుల వణుకుకు ట్రైహెక్సీఫెనిడిల్. మూత్రానికి ఆక్సీబ్యుటినిన్, టోల్టెరోడిన్, సోలిఫెనాసిన్. వేరు వేరు జబ్బులకు వాడే ఈ మందులన్నీ మస్కరినిక్ రిసెప్టార్లను ఎంతో కొంత మూసేవే. ఒక్కొక్కటి విడిగా చూస్తే చిన్నదిగానే కనిపిస్తుంది. రెండు మూడు కలిస్తే ముసలి మెదడు తట్టుకోలేదు. వయసుతో పాటు కిడ్నీ, లివర్ నెమ్మదించి మందు ఒంట్లో ఎక్కువసేపు ఉండిపోతుంది, పైగా మతిమరుపు ఉన్నవాళ్లలో అసిటైల్‌కోలిన్ నిల్వే తక్కువ.

ఇవి ఏళ్ల తరబడి వాడితే మతిమరుపు జబ్బే వస్తుందా అని కొందరు అడుగుతారు. 2015లో అమెరికాలోని సియాటిల్ ప్రాంతంలో 65 ఏళ్లు దాటిన 3,434 మందిని సగటున ఏడేళ్లకు పైగా గమనించిన అధ్యయనం వచ్చింది. ఈ రకం మందులు బాగా ఎక్కువ మోతాదులో, ఎక్కువ కాలం వాడినవాళ్లలో డిమెన్షియా ఎక్కువగా కనిపించింది. మందు వల్లే వచ్చిందని దాంతో రుజువైనట్టు కాదు. జబ్బు మొదలయ్యే ముందు వచ్చే నిద్రలేమికి, మూత్రం బాధకు ఆ మందులు వాడి ఉండొచ్చు. ఆ లెక్క తేలేదాకా ఆగనక్కర్లేదు. ఇప్పటికే మతిమరుపు ఉన్నవాళ్లకు ఇవి ఇవ్వకూడదని పెద్దవాళ్లకు పడని మందులను చెప్పే అమెరికా వృద్ధుల వైద్య సంఘం బీర్స్ జాబితాలో స్పష్టంగా ఉంది. 1991లో మొదలైన ఆ జాబితాను అప్పుడప్పుడు సవరిస్తూ వస్తున్నారు, 2023లోనూ సవరించారు.

ఇది చదివి ఎవరూ ఇంట్లో మాత్రలు బయట పారేయకండి. ఇది గట్టిగా చెబుతున్నాను. అమిట్రిప్టిలిన్, ట్రైహెక్సీఫెనిడిల్ లాంటివి ఒక్కసారిగా ఆపితే వాంతులు, నిద్ర పట్టకపోవడం, వణుకు ఎక్కువ కావడం జరుగుతాయి. పార్కిన్సన్స్‌లో డోపమిన్ అనే ఇంకో మెదడు రసాయనం తగ్గి, అసిటైల్‌కోలిన్‌ది పైచేయి అవుతుంది. వణుకు బాగా ఉండి, ఇంకా వయసులో ఉన్నవాళ్లకు ట్రైహెక్సీఫెనిడిల్ పనికొస్తుంది. మానసిక జబ్బుకు వాడే మందులతో నోరు, మెడ బిగుసుకుపోయినవాళ్లకు అది అవసరం పడొచ్చు కూడా. డెబ్బై దాటి మతి తప్పుతున్న మనిషికి అదే మందు మళ్లీ మళ్లీ రాయించుకుంటూ పోవడమే ప్రమాదం. రాసిన డాక్టరు దగ్గరికి పోయి "ఇది ఇంకా కావాలా, తగ్గించొచ్చా?" అని అడగాలి. అడిగితే ఏ మంచి డాక్టరూ కోప్పడడు.

ఈ రిసెప్టార్లను మూసే మందే ప్రాణం నిలబెట్టే చోటు కూడా మన జిల్లాలో అందరికీ తెలుసు. మామిడికి, కూరగాయలకు కొట్టే కొన్ని పురుగుమందులు ఆర్గానోఫాస్ఫేట్లు. అవి డొనెపెజిల్ ఆపే ఎంజైమ్‌నే ఆపుతాయి, కానీ విపరీతంగా, కొన్ని గంటల్లో. ఒళ్లంతా అసిటైల్‌కోలిన్ పోగుపడి నోట్లో నురగ, చెమట, పాపలు సూది మొనంత కావడం, ఊపిరితిత్తుల్లో నీరు చేరడం. అప్పుడు క్యాజువాలిటీలో ఎక్కించే అట్రోపిన్ ఈ రిసెప్టార్లను మూసే మందే. అది అందక ఎందరో రైతులు దారిలోనే పోయారు. అట్రోపిన్ ఎక్కిన రోగి మరుసటి రోజు మంచం మీద గాలిలో ఏదో పట్టుకుంటూ, ఏదేదో మాట్లాడుతూ ఉండడం చూసినవాళ్లు నా మాట వెంటనే అర్థం చేసుకుంటారు.

పొగాకు గురించి ఒక మాట. "బీడీ తాగేవాళ్లకు మతిమరుపు రాదంట కదా, వాట్సాప్‌లో వచ్చింది" అని అడిగేవాళ్లు ఉన్నారు. అల్జీమర్స్‌లో మెదడులోని నికోటినిక్ రిసెప్టార్లు తగ్గుతాయనేది నిజం. అందుకని బీడీ తాగితే లాభం లేదు. పొగ రక్తనాళాలను పాడుచేసి డిమెన్షియా ముప్పును పెంచుతుంది. పార్కిన్సన్స్ రోగులకు నికోటిన్ పట్టీలు వేసి చూసినా జబ్బు నెమ్మదించలేదు.

కొత్త మందుల్లో నాకు బాగా ఆశ కలిగించింది ఒకటుంది. మెదడులోని ఎం1, ఎం4 రిసెప్టార్లను నేరుగా ప్రేరేపించే జానోమెలిన్‌ను 1990ల్లో అల్జీమర్స్ రోగుల మీద పరీక్షించారు. భ్రమలు, అలజడి తగ్గాయి గానీ వాంతులు, కడుపు బాధలు తట్టుకోలేక చాలామంది మానేశారు. చాలా ఏళ్ల తర్వాత దానికి ట్రోస్పియమ్ అనే మందు జతచేశారు. అది మస్కరినిక్ రిసెప్టార్లను మూసేదే, కానీ మెదడులోకి దాదాపు పోదు. అలా మెదడులో రిసెప్టార్లు తెరిచి, కడుపులో మూసి ఉంచగలిగారు. ఈ జంటకు 2024 సెప్టెంబర్‌లో అమెరికాలో స్కిజోఫ్రెనియా అనే మానసిక జబ్బుకు అనుమతి వచ్చింది. అల్జీమర్స్‌కు ఇంకా కాదు. ఇందులో మన ఇళ్లకు ఇవాళే పనికొచ్చే విషయం ఒకటుంది. ఆ ట్రోస్పియమ్ మొదటి నుంచీ మూత్రాశయం మందే. మతిమరుపు ఉన్న మనిషికి మూత్రం మందు తప్పదనుకుంటే, మెదడులోకి ఎక్కువగా పోనిది ఎంచుకోవచ్చు. అసలు ఈ రిసెప్టార్లతో పనిలేని మిరాబెగ్రాన్ కూడా ఉంది, బీపీ మాత్రం చూసుకుంటూ ఉండాలి. ఏ మందూ మొదలుపెట్టకముందు మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉందేమో పరీక్ష చేయించాలి. రెండు గంటలకోసారి బాత్రూముకు తీసుకుపోవడం, సాయంత్రం తర్వాత కాఫీ, టీ ఆపడం కూడా మా వదినకు బాగా పనిచేశాయి. జలుబుకైతే ఆవిరి, తప్పదంటే మెదడు మీద ప్రభావం తక్కువ ఉండే ఫెక్సోఫెనడిన్ లాంటిది డాక్టరునడిగి వాడొచ్చు.

ఇంట్లో పెద్దవాళ్లకు ఉన్నట్టుండి తికమక మొదలైతే "వయసైపోయింది" అనేముందు గత రెండు వారాల్లో ఏ కొత్త మాత్ర మొదలైందో చూడండి. ఏ డాక్టరు దగ్గరికి పోయినా కవరు మొత్తం తీసుకుపోండి. ఆయుర్వేదం మందు, కంటి చుక్కలు కూడా అందులో వేసుకోండి. ఫైలు మరిచిపోయినా పరవాలేదు, కవరు మరవకండి. డొనెపెజిల్ వాడే మనిషి నీరసంగా పడిపోతున్నా, కళ్లు తిరుగుతున్నాయన్నా నాడి చూపించండి. ఆ మందు గుండెను నెమ్మది చేయగలదు.

జిల్లా వైద్య ఆరోగ్య శాఖ అధికారులకు మీ పత్రిక ద్వారా నా విన్నపం. 104 వాహనం ఊరికి వచ్చినప్పుడు బీపీ, షుగరు చూసినట్టే, 65 దాటినవాళ్ల మందుల కవరు కూడా డాక్టరు విప్పి చూడాలి. ఏఎన్‌ఎం, ఆశా కార్యకర్తలకు పైన చెప్పిన మందుల పేర్లు తెలుగులో ఒక కాగితం మీద ఇస్తే చాలు, ఇల్లిల్లూ తిరిగేటప్పుడు వాళ్లే గుర్తుపట్టగలరు. ఆర్‌ఎంపీలను తిట్టడం నా ఉద్దేశం కాదు, పల్లెలో అర్ధరాత్రి పలికేది వాళ్లే. ఆ కాగితం వాళ్లకూ ఇవ్వండి. ఫార్మసిస్టులకు కూడా చెప్పాలి. రోగికి మందు గురించి వివరించడం మన పని అని 2015లో వచ్చిన ఫార్మసీ ప్రాక్టీస్ నియమాలు చెబుతున్నాయి. మా షాపులో మతిమరుపు మాత్ర కొనేవాళ్లను "ఇంకేం వాడుతున్నారు?" అని అడగకుండా పంపించడం లేదు. ప్రతి షాపులోనూ అడిగితే మా పెద్దమ్మ లాంటివాళ్లు చాలామంది ఆ రాత్రులు చూడకుండా బయటపడతారు.

మందు వల్ల ఇబ్బంది వచ్చిందని అనుమానం ఉంటే రోగి అయినా, ఇంట్లోవాళ్లయినా చెప్పడానికి కేంద్ర ప్రభుత్వపు ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమం టోల్‌ఫ్రీ నంబరు ఉంది: 1800-180-3024. ఈ నంబరును మాత్రం పెద్ద అక్షరాల్లో వేయమని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక ఫార్మసిస్టు,
గ్రీమ్స్‌పేట, చిత్తూరు